ఒకే బల్ల మీద కూర్చోనివాళ్లు ప్రజాసేవ చేయలేరు

రాయచూరుకు ఎయిమ్స్ కావాలని 2022 మే నెలలో మొదలైన ధర్నా వెయ్యి రోజులు దాటి సాగింది. ఎండకూ వానకూ లేవకుండా కూర్చున్న ఆ మనుషులకు చేతులెత్తి మొక్కుతాను. అంతకుముందు ఐఐటీ కోసం కూడా ఈ జిల్లా ఇలాగే గొంతు చించుకుంది. ప్రాంతీయ అసమానతలను పరిశీలించిన నంజుండప్ప కమిటీ రాయచూరులో పెట్టమని సిఫారసు చేసిన ఐఐటీ 2016లో ధార్వాడలో తెరుచుకుంది. మన వంతుకు 2019లో ఐఐఐటీ వచ్చింది. దాని తొలి తరగతులు కూడా హైదరాబాదు ఐఐటీ ప్రాంగణంలోనే నడిచాయి. ఈ జిల్లాకు జరిగిన అన్యాయం నిజం. ఆ కోపం న్యాయమైన కోపం.

ఆ కోపం ఉన్నవాళ్లనే ఒక మాట అడుగుతున్నాను. రేపే ఎయిమ్స్ వచ్చిందనుకుందాం. దేవదుర్గ తాలూకాలో పత్తి ఏరే కాలం రాగానే బడి మానేసే మూడో తరగతి పిల్ల ఆ ఆసుపత్రిలోకి డాక్టరుగా వెళుతుందా, వార్డు తుడవడానికి వెళుతుందా? ఆ పిల్ల చదువు కోసం మనం ఎన్ని రోజులు ధర్నా చేశాం? మా ఊరి బడిలో లెక్కల మాస్టారు లేడని ఎన్నడైనా బజారు మూతపడిందా? ఆరు తరగతులకు ఇద్దరే టీచర్లున్నారని ఏ పార్టీ అయినా రాస్తా రోకో చేసిందా? పైన గోపురం కోసం ఇంత కొట్లాడిన మనం కింద పునాది తవ్వలేదు. ఇది సర్కారు తప్పు మాత్రమే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. ఇది మన తప్పు. ముఖ్యంగా ఈ జిల్లాలో భూమి, డబ్బు, మాట చెల్లుబడి ఉన్న తెలుగువాళ్ల తప్పు.

లెక్కలు చూడండి. చివరి జనగణన 2011లో జరిగింది. అప్పటికి కర్ణాటక అక్షరాస్యత 75.36 శాతం. రాయచూరు జిల్లాది 59.56. ఆడవాళ్లలో 48.73 శాతం. అంటే మన ఆడపడుచుల్లో సగానికి పైగా బస్సు బోర్డు మీద ఊరి పేరు చదువుకోలేని స్థితి. రాష్ట్రంలో మనకంటే కింద నిలిచింది యాదగిరి జిల్లా ఒక్కటే. 2002లో నంజుండప్ప కమిటీ 175 తాలూకాలను పరిశీలించి 114 వెనుకబడ్డాయని తేల్చినప్పుడు అన్నిటికంటే అడుగున ఉన్నది మన దేవదుర్గ. ఇదే జిల్లాలో హట్టి బంగారు గని ఉంది. శక్తినగర్‌లో కరెంటు పుడుతోంది. సింధనూరు, మాన్వి మిల్లుల్లో ఆడిన సన్నబియ్యం దూర రాష్ట్రాలకు పోతోంది. దేశానికి బంగారమూ కరెంటూ బియ్యమూ పంపే నేల తన పిల్లలకు అక్షరం పెట్టలేకపోయింది. దీన్ని వెనుకబాటు అనడం మర్యాద మాట. పిల్లల్ని వెనక్కి నెట్టారు. నెట్టినవాళ్లలో మనమూ ఉన్నాం.

371(జె) సంగతి కూడా ఇంతే. 2012లో రాజ్యాంగానికి 98వ సవరణ చేయించుకుని ఆ అధికరణం సాధించాం. కల్యాణ కర్ణాటక అని పిలిచే ఈ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, ఉద్యోగాల్లో స్థాయిని బట్టి 75 నుంచి 85 శాతం దాకా ఇక్కడివాళ్లకే అన్నారు. గొప్ప విజయం. కాదనను. అయితే ఆ తలుపు తెరుచుకునేది పదో తరగతి దాటినవాడికే. ఏటా ఎస్సెల్సీ ఫలితాలు రాగానే జిల్లాల పట్టికలో అడుగు వరసల్లో కనపడేది కల్యాణ కర్ణాటక పేర్లే. ఆరో తరగతిలో పేరు కొట్టేయించుకుని బెంగుళూరు మేస్త్రి వెంట వెళ్లిపోయిన పిల్లవాడికి 371(జె) ఏమిచ్చింది? వాడి పేరు చెప్పి తెచ్చుకున్న కోటాలో సీట్లు తీసుకున్నది మంచి బడికి డబ్బు కట్టగలిగిన ఇళ్లు. వెనుకబాటు వాడిది, ఫలం మనది. ఈ నిజాన్ని ఒప్పుకోకుండా సామాజిక న్యాయం గురించి సభల్లో మాట్లాడటం నాకు అసహ్యం.

మంచి బడి మనిషిని ఏం చేస్తుంది? నూటికి తొంభై మార్కులు తెప్పిస్తుందని చాలామంది అనుకుంటారు. మార్కులు ట్యూషన్‌తోనూ వస్తాయి. బడి మాత్రమే చేయగలిగిన పని ఇంకొకటుంది. భూస్వామి కొడుకునూ జీతగాడి కొడుకునూ ఒకే బల్ల మీద కూర్చోబెడుతుంది. మాదిగ పిల్ల చెప్పిన జవాబు కరెక్టయినప్పుడు రెడ్డి పిల్లాడు తలొంచుకుని తన పలక మీద తప్పు దిద్దుకునేలా చేస్తుంది. ఆకలితో వచ్చిన పక్కవాడి ముఖం ఎలా ఉంటుందో ఏడేళ్లకే చూపిస్తుంది. అలా చూసినవాడు తహసీల్దారయ్యాక రేషన్ కార్డు అర్జీని బల్ల సొరుగులో పడేయలేడు. చూడనివాడికి అది ఒక కాగితం. ప్రజాసేవ అనే గుణం ముస్సోరీ శిక్షణలో పుట్టదు. పదేళ్లలోపే, ఊరి బడిలో, పక్క పిల్లల మధ్య పుడుతుంది. అక్కడ పుట్టకపోతే తర్వాత ఏ అకాడెమీ దాన్ని పుట్టించలేదు.

ఈ మాట గాల్లోంచి తీసి చెప్పడం లేదు. రాయచూరు పట్టణమే దీనికి సాక్ష్యం. 1920 ప్రాంతంలో, ఈ జిల్లా నిజాం ఏలుబడిలో ఉన్న కాలంలో, పండిత్ తారానాథ్ ఇక్కడ హందర్ద్ బడి పెట్టారు. మంగళూరులో 1891లో పుట్టి, వైద్యం చదవడానికి హైదరాబాదు వచ్చిన మనిషి. అప్పుడు సర్కారు భాష ఉర్దూ. జనం భాషలు కన్నడం, తెలుగు. సొంతంగా బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, ఆ అనుమతి దొరకడం గగనం. 1951 నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో చదువొచ్చినవాళ్లు నూటికి పది మంది లేరు. అలాంటి చోట, సర్కారు అండ లేకుండా, హిందూ ముస్లిం పిల్లలు కలిసి చదివే బడిని ఒక మనిషి నిలబెట్టాడు. స్మార్ట్ బోర్డు లేదు. అభివృద్ధి బోర్డు నిధుల్లేవు. ఉన్నదల్లా ఒక పట్టుదల: ఈ ఊరి పిల్లలు విడివిడిగా పెరగకూడదు.

నిజాం సర్కారుకు ఆ మనిషి మీద అనుమానం పెరిగింది. బడి నడిపేవాడంటే భయపడని నిరంకుశుడు ఎవడున్నాడు? తారానాథ్ నది దాటి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రాలయం దగ్గరున్న తుంగభద్ర గ్రామంలో ప్రేమాయతనం అనే ఆశ్రమం పెట్టుకున్నారు. అక్కడ రోగులకు వైద్యం చేశారు, పత్రిక నడిపారు, నాటకాలు రాశారు. ఆయన రాసిన 'దీనబంధు కబీర్'లో మన బళ్లారి రాఘవ కబీరుగా రంగస్థలం ఎక్కారు. కన్నడ దేశపు పండితుడు, తెలుగు నటుడు, కబీరు కథ: ఈ కలయిక ఏ సర్కారు పథకం వల్లా రాలేదు. తారానాథ్ 1942లో పోయారు. ఆయన కొడుకు రాజీవ్ తారానాథ్ సరోద్ విద్వాంసుడిగా ప్రపంచమంతా పేరు తెచ్చుకుని 2024లో కన్నుమూశారు. హందర్ద్ బడి రాయచూరులో ఇప్పటికీ ఉంది. ఎన్నో తరాల పిల్లలు ఆ గేటు దాటి వచ్చారు. ఎయిమ్స్ కోసం జెండా పట్టిన ఈ పట్టణం, తనను మనిషిని చేసిన ఆ బడి ఆలోచనను ఎందుకు వదిలేసింది?

అదే కాలంలో మరో బడిపంతులు. సిందగిలో 1903లో పుట్టిన వెంకటేశ్ ఖేడగికర్ హిప్పర్గా జాతీయ పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పాడు. సన్యాసం తీసుకుని స్వామి రామానంద తీర్థ అయ్యాడు. తర్వాత అంబాజోగాయిలో బడి నడిపాడు. నిజాం పాలన మీద హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ చేసిన పోరాటానికి నాయకుడై జైలుకు వెళ్లాడు. 1952లో గుల్బర్గా నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఆయన శిష్యుల్లో ఒకరు పి.వి. నరసింహారావు. 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన రెండు నెలల లోపే, నవంబరు 23న, నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. గురుకుల పాఠశాల తెరిచారు. పల్లె పిల్లలకు తిండి, పుస్తకం, మంచి మాస్టారు ఒకేచోట. ఖమ్మం జిల్లా పల్లె నుంచి అక్కడికి చేరిన ఎం. మహేందర్‌రెడ్డి తర్వాత తెలంగాణ డీజీపీ అయ్యారు. అదే పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయినప్పుడు నవోదయ విద్యాలయాలు దేశమంతా వచ్చాయి. వాటిలో ఒకటి మన జిల్లాలో, ముద్గల్‌లో ఉంది. ఒక పంతులు హిప్పర్గాలో వెలిగించిన దీపం ముద్గల్ దాకా ఎలా వచ్చిందో చూడండి. బడిలో ఏర్పడిన మనసు ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నప్పుడు మళ్లీ బడినే కట్టింది.

ఇంకొకటి. 1956కు ముందు గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోవే. రాష్ట్రాల పునర్విభజనలో అవి తెలుగు రాష్ట్రానికి పోయాయి, మనం మైసూరు రాష్ట్రానికి వచ్చాం. ఆ ఆలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఐపీఎస్ అధికారి అయ్యారు. 2012 నుంచి 2021 వరకు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా పనిచేశారు. దళిత, గిరిజన పిల్లలు తలెత్తి మాట్లాడే బడులు నడిపారు. ఆ గురుకులాల నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం పిల్లవాడు ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. ప్రవీణ్ కుమార్ తర్వాత ఎంచుకున్న రాజకీయ దారి నచ్చనివాళ్లు ఉండొచ్చు. ఆ తొమ్మిదేళ్ల పనిని మాత్రం ఎవరూ తుడిచేయలేరు. రాష్ట్ర సరిహద్దుకు అటు పక్కన ఇది జరిగింది. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న నేల. ఇటు పక్కన ఏమైంది?

ఇక్కడ ఆగి నేనే ఒక మాట గట్టిగా చెప్పాలి. గురుకులాలు, నవోదయలు చేయగలిగింది ఎక్కువే, అయినా చాలదు. నవోదయలో ఆరో తరగతికి ఏడాదికి 80 సీట్లు. జిల్లాలో పరీక్ష రాసేవాళ్లు వేలమంది. నెగ్గిన ఎనభై మందికి దారి దొరుకుతుంది. మిగిలిన వేల పిల్లలు తిరిగి అదే కారే కప్పు కిందికి, అదే ఖాళీ కుర్చీ ముందుకు వెళతారు. పైగా కులానికొక గురుకులం, మతానికొక హాస్టల్ పెట్టుకుంటూ పోతే పిల్లలు మళ్లీ విడివిడిగానే పెరుగుతారు. ఏరి తీసిన కొందరికి మంచి బడి పెట్టడం దయ. ప్రతి ఊరికీ మంచి బడి పెట్టడం న్యాయం. నేను అడుగుతున్నది న్యాయం.

ఇప్పుడు తెలుగు రైతుల క్యాంపుల వైపు తిరుగుదాం. తుంగభద్ర డ్యాం 1953లో పూర్తయింది. ఎడమ కాలువ నీళ్లు సింధనూరు, మాన్వి వైపు పారాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మన రైతులు వచ్చారు. రేగడి మెట్టభూములు కొన్నారు, క్యాంపులు కట్టుకున్నారు, ఒళ్లు వంచి వరి పండించారు. ఆ కష్టాన్ని తక్కువ చేసే అర్హత ఎవరికీ లేదు. మొదటి తరం తమ చేతులతో బడి కట్టుకుంది, మాస్టారికి ఇల్లిచ్చింది, ఊరి కన్నడ పిల్లలతో తమ పిల్లల్ని కూర్చోబెట్టింది. రెండో తరం ఆ బడిని వదిలేసింది. పిల్లవాడికి పదకొండేళ్లు రాగానే విజయవాడకో గుంటూరుకో హైదరాబాదుకో పంపేస్తున్నారు. తెల్లవారుజామున లేపి, రాత్రి దాకా చదివించి, ర్యాంకు తప్ప ఇంకోటి నేర్పని హాస్టళ్లకు లక్షలు కడుతున్నారు. స్తోమత తక్కువైనవాళ్లు పసుపు రంగు వ్యాన్‌లో సింధనూరు కాన్వెంటుకు పంపుతున్నారు. క్యాంపు పక్కన ఊరి బడిలో మిగిలింది ఎవరు? మన పొలంలో నాట్లు వేసే కూలీ పిల్లలు మాత్రమే.

నీళ్ల సంగతి కాలువ కింద బతికేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఎడమ కాలువ ఆయకట్టులో ఎక్కువ భాగం తక్కువ నీటి పంటలకని గీసిన ఆయకట్టు. తల దగ్గరివాళ్లు నియమం తప్పి వరి వేశారు, తూములు పెంచుకున్నారు, మోటార్లు దింపారు. తోకన ఉన్న మాన్వి, రాయచూరు రైతు ఏటా నీళ్లకోసం రోడ్డెక్కుతున్నాడు. చదువులోనూ మనం చేసింది అదే. తల దగ్గర కూర్చుని తోడుకున్నాం. తోక ఎండిపోయింది. తోక ఎండితే కాలువ చెడ్డదని తిడుతున్నాం.

ఇలా వేరుగా పెరిగినవాళ్లు పెద్దయ్యాక ఏమవుతారో కళ్లముందే ఉంది. ర్యాంకు తెచ్చుకుని డాక్టరైన అమ్మాయికి దేవదుర్గ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగు ఇస్తే మార్పించుకోవడానికి ఎమ్మెల్యే ఇంటికి వెళుతుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ పల్లెలో ఆమెకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పదకొండేళ్ల నుంచి హాస్టల్ గోడలే చూసింది. ఇంజనీరైన అబ్బాయికి తోకన ఎండిన చేను గీతల పటంలో ఒక చుక్క. రెవెన్యూ అధికారికి వలస పోయిన కుటుంబం 'ఇల్లు తాళం' అనే ఒక నమోదు. వీళ్లు చెడ్డవాళ్లు కారు. తెలివైనవాళ్లు, కష్టపడ్డవాళ్లు. ఎవరికి సేవ చేయాలో వాళ్లను చిన్నప్పుడు ఒక్కరోజు కూడా తాకకుండా పెంచాం. ఇప్పుడు వాళ్లలో సేవాభావం లేదని మనమే నిట్టూరుస్తున్నాం. నాటని పంట కోతకు ఎలా వస్తుంది?

దేవదుర్గ, లింగసుగూరు వైపు గుళె అనే వలస ఏటా జరిగే విషాదం. పంట అయిపోగానే ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని బెంగుళూరుకో పుణెకో గోవాకో కట్టడాల పనికి వెళతారు. పిల్లల్ని ఎక్కడ వదులుతారు? వెంట తీసుకుపోతారు. ఇటుకల మధ్య చెల్లెల్ని ఆడించే అక్క మళ్లీ జూన్‌లో ఊరికి వచ్చేసరికి అక్షరాలు మరిచిపోయి ఉంటుంది. రెండుసార్లు అలా జరిగితే ఇక బడి గడప తొక్కదు. బెంగుళూరులో మన పిల్లలు కొనుక్కున్న ఫ్లాట్ల గోడల్లో ఆ అక్క బడి సంవత్సరాలు కూరి ఉన్నాయి. ఈ మాట కటువుగా ఉందా? ఉండాలి.

"నా బిడ్డ భవిష్యత్తును ఊరి బడికి బలివ్వమంటావా?" అని అడుగుతారు. మీరు వెళ్లిపోవడం వల్లే ఆ బడి అలా అయింది. ఒక చిన్న నియమం చూడండి. కర్ణాటకలో ప్రతి సర్కారు బడికీ ఎస్‌డీఎంసీ అనే కమిటీ ఉంటుంది. నిధుల ఖర్చు, టీచర్ల హాజరు, భోజనం, అన్నీ అడిగే హక్కు దానిది. అందులో సభ్యులు కావాలంటే ఆ బడిలో మీ పిల్లలు చదవాలి. చదువుకున్నవాడు, నోరున్నవాడు, ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుని అడగగలిగినవాడు పిల్లల్ని తీసుకుపోయాక ఆ కమిటీలో ఎవరు మిగిలారు? ఆడిట్ కాగితం చదవలేని కూలీ తల్లి. ఆమె వేలిముద్ర వేయించుకుని పోతారు. సర్కారు బడి పాడైంది సర్కారు వల్ల మాత్రమేనని ఇక అనకండి. దాన్ని కాపాడగలిగిన నోళ్లన్నీ ఒకేసారి లేచిపోయాయి.

"కామరాజ్ నాడార్ ఏం చదివాడు? గొప్ప పాలన చేయలేదా?" అని ఇంకొందరు. అవును, పన్నెండేళ్లలోపే ఆయన బడి ఆగిపోయింది. అందుకే ముఖ్యమంత్రి కాగానే పల్లెపల్లెకు బడి తెరిచాడు, మధ్యాహ్నం అన్నం పెట్టాడు. చదువు లేకపోయినా పరవాలేదని ఆయన జీవితం చెప్పడం లేదు. అది లేక తాను పడ్డ బాధ ఇంకో పిల్లవాడు పడకూడదని చెబుతోంది. "పేద ఇంట్లో పుట్టినా తెలివుంటే పైకొస్తారు, చూడండి కూలీ కొడుకు ఐఏఎస్ అయ్యాడు" అని పత్రికలో ఫోటో చూపేవాళ్లు మరికొందరు. ఆ పిల్లవాడికి నా దండాలు. వాడు బావిలోంచి గోడ పట్టుకుని ఎక్కి వచ్చాడు. ఒకడు ఎక్కాడు గనుక బావికి మెట్లక్కర్లేదని అనేవాణ్ణి నేను క్షమించను.

ఇదంతా కొత్త ఆలోచన కూడా కాదు. 1964లో వేసిన కొఠారి కమిషన్ రెండేళ్లకే చెప్పింది: ధనిక పేద తేడా లేకుండా పిల్లలందరూ తమ పొరుగు బడిలోనే చదవాలి. అరవై ఏళ్లయింది. ఆ సలహాను తలకెత్తుకున్న ప్రభుత్వం ఈ దేశంలో రాలేదు. ఫిన్లాండులో పిల్లల్ని పదకొండేళ్లకే రెండు దారులుగా విడదీసే పాత పద్ధతి ఉండేది. దాన్ని తీసేసి అందరికీ ఒకే బడి పెట్టడం 1972లో మొదలుపెట్టారు. ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? రాజధానిలో కాదు. అట్టడుగున ఉన్న ఉత్తరపు కొసన, లాప్‌లాండులో. అక్కడి నుంచి కిందికి తెచ్చి 1977కల్లా దేశమంతా పూర్తి చేశారు. వెనుకబడ్డ చోటు నుంచే మొదలుపెట్టాలన్న ఆ తెలివి మనకుంటే, కర్ణాటకలో మొదటి మంచి బడి బెంగుళూరు జయనగరులో కాకుండా దేవదుర్గలో తెరుచుకునేది.

మన దేశంలోనూ ఒక న్యాయమూర్తి ధైర్యం చేశారు. 2015 ఆగస్టు 18న అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశ్ అధికారులు, ప్రజాప్రతినిధులు, ప్రభుత్వం నుంచి జీతం తీసుకునేవాళ్లందరి పిల్లలూ సర్కారు ప్రాథమిక బడుల్లోనే చదివేలా చూడమని తీర్పు ఇచ్చింది. అది అమలు కాలేదు. ఎందుకు కాలేదో అందరికీ తెలుసు. అమలు చేయాల్సినవాళ్ల పిల్లలే కాన్వెంట్లలో ఉన్నారు. కలెక్టరు కూతురు రాయచూరు సర్కారు బడిలో చేరిన మర్నాడు మరుగుదొడ్డికి నీళ్లు వస్తాయి. ఎమ్మెల్యే మనవడు అందులో చేరిన నెలలో లెక్కల మాస్టారు వస్తాడు. ఇది రుజువు చేయడానికి కమిషన్ అక్కర్లేదు.

కాబట్టి నేను కోరేది స్పష్టంగా చెబుతున్నాను. కల్యాణ కర్ణాటక అభివృద్ధి బోర్డుకు వేల కోట్లు కేటాయిస్తున్నారు. గదులు, కాంపౌండు గోడలు, రంగులు తర్వాత చూసుకోండి. ముందు ఖాళీగా ఉన్న టీచరు పోస్టులన్నీ శాశ్వతంగా నింపండి. నెలకు పదీ పన్నెండు వేలు చేతిలో పెట్టి, అదీ నెలలు ఆలస్యంగా ఇచ్చి, అతిథి శిక్షకులతో ఒక జిల్లా భవిష్యత్తు నడపడం పాపం. పాఠం చెప్పే మనిషి ఏటా మారితే పిల్లవాడికి ఎవరి మీద నమ్మకం కుదురుతుంది? గుళె పోయే ఊళ్లలో తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలుండే సీజన్ హాస్టళ్లు పెట్టండి, వాటిని సెప్టెంబరులోనే తెరవండి. మూటలు కట్టాక తెరిస్తే ఏం లాభం? జిల్లాలో సర్కారు జీతం తీసుకునే ప్రతి ఒక్కరూ, టీచర్లతో సహా, తమ పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించాలి. చేర్పించని టీచరు తన చదువు మీద తనకే నమ్మకం లేదని ఊరందరికీ చెప్పినట్టే.

క్యాంపుల్లోని అన్నలకూ అక్కలకూ విడిగా ఒక మాట. ఉగాదికి సభలు పెట్టి, హైదరాబాదు నుంచి గాయకుల్ని పిలిపించి తెలుగుతనం చూపించుకుంటున్నాం. ఈ నేల మనకు నీళ్లిచ్చింది, పంటిచ్చింది, మన బిడ్డల్ని అమెరికా దాకా పంపింది. ఆ నేల బిడ్డలు మన చేలల్లో పత్తి ఏరుతుంటే మన తెలుగుతనం దేనికి? కన్నడ బడి కదా, మన భాష కాదు కదా అంటారా? మీ తాతలు అదే కన్నడ బడిలో చదివి రెండు భాషల్లో మాట్లాడి, పంచాయతీలో పెద్దమనుషులయ్యారు. ఇంట్లో తెలుగు నేర్పండి, ఊళ్లో కన్నడం నేర్పండి, బడిలో ఇంగ్లీషు బాగా చెప్పమని పట్టుబట్టండి. మూడూ వచ్చిన పిల్లవాడు ఈ జిల్లాను ఏలగలడు. ఒక్క ర్యాంకు మాత్రమే వచ్చినవాడు ఈ జిల్లాను వదిలిపోతాడు.

హందర్ద్ బడి పెట్టినప్పుడు తారానాథ్ చేతిలో అధికారం లేదు, డబ్బు లేదు, ఎదురుగా నిజాం సర్కారు ఉంది. మన చేతిలో ఓటు ఉంది, భూమి ఉంది, రాజ్యాంగ సవరణ ఉంది, వేల కోట్ల బోర్డు ఉంది. అయినా ఆయన చేసినదాంట్లో పదో వంతు చేయలేకపోతే అది పేదరికం వల్ల కాదు, మనసు లేకపోవడం వల్ల. ఎయిమ్స్ ధర్నా శిబిరంలో కూర్చున్నవాళ్లారా, ఆ పోరాటం ఆపకండి. దానితోపాటు మీ ఊరి బడిలో ఖాళీగా ఉన్న ప్రతి కుర్చీ పేరూ ఒక అట్ట మీద రాసి ఆ శిబిరంలో కట్టండి. ఈ జూన్‌లో బడి తెరిచే రోజు మీ బిడ్డ చేయి పట్టుకుని ఊరి బడికి నడవండి. చేర్పించే ధైర్యం లేనివాళ్లు కనీసం నెలకొకసారి ఆ గడప తొక్కి, మాస్టారు వచ్చాడా అని అడగండి. ఆ రోజు రానంతవరకు రాయచూరుకు వచ్చే ఏ ఐఐటీ, ఏ ఎయిమ్స్, ఏ కోటా అయినా ఈ జిల్లా బీదబిడ్డ పేరు చెప్పి పొరుగువాళ్లు తినే కూడే అవుతుంది.